రోషన్‌దాన్: ఇంట్లో ఉండేవారి హక్కు

 

దివ్యఖుర్ఆన్ 28వ సూరా ఖసస్‌లో అల్లాహ్ మానవులను ఒక ప్రశ్న అడిగాడు. ప్రళయదినం వరకూ మీపై రాత్రినే శాశ్వతంగా ఉంచేస్తే, మీకు వెలుగును తెచ్చి ఇవ్వగల ఆరాధ్యుడు అల్లాహ్ తప్ప ఇంకెవడున్నాడు అన్నది 71వ ఆయతు భావం. పగటి వెలుతురు ఎంతటి మహానుగ్రహమో గ్రహించడానికి ఈ ఒక్క ప్రశ్న చాలు. దీనికి మీటరు లేదు, బిల్లు లేదు. ధనవంతుని మేడపై పడినట్లే పేదవాని తాటాకింటిపై కూడా పడుతుంది.

అల్లాహ్ పంపుతున్న ఈ వెలుతురు మన గడప దాటి లోపలికి వస్తోందా? ఒక్కసారి ఆలోచించండి. రాజమండ్రి, కాకినాడ, ఏలూరు, భీమవరం వంటి పట్టణాల్లోని పాత పేటల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. ముందు వీధి, వెనుక పక్కింటివారి గోడ. కిటికీ ఉండేది ముందు గదికే. నడిమి గదిలోనూ, వంటగదిలోనూ పట్టపగలే లైటు వేసుకోవాలి. కరెంటు పోయిందంటే బియ్యంలో రాయి కనబడదు, సూదిలో దారం ఎక్కదు, పిల్లవాడి పుస్తకంలో అక్షరం ఆనదు.

వెలుతురున్న ఆ ముందు గదిలో కూర్చునేది ఎవరు? ఇంటి మగవారు, వచ్చిపోయే అతిథులు. చీకటి గదుల్లో తెల్లవారినది మొదలు రాత్రి వరకూ ఉండేది ఎవరు? తల్లి, భార్య, కోడలు, మంచానపడిన ముసలి అత్తగారు, ఉయ్యాల్లోని పసిబిడ్డ. ఇంటి పెద్ద ఫజ్ర్ తర్వాత పనికి వెళ్లి ఇషా వేళకు తిరిగివస్తాడు. ఆయన తన ఇంటిని చూసేది రాత్రి లైటు వెలుతురులోనే. అందువల్ల తన ఇల్లు పగలు చీకటిగా ఉంటుందన్న సంగతే ఆయనకు తట్టదు. ఇల్లు ఎలా కట్టాలో నిర్ణయించేది ఆయనే, ఆ నిర్ణయాన్ని రోజంతా భరించేది మాత్రం ఇంట్లోవారు. ఈ నెల మనం మాట్లాడుకోవలసింది ఈ విషయమే.

దైవప్రవక్త (స) ఇంట్లో వెలుతురు

మదీనాలో మస్జిదె నబవీని ఆనుకొని ప్రవక్త (స) సతీమణుల కోసం కట్టిన హుజ్రాలు చాలా చిన్నవి. తన యౌవనంలో వాటి పైకప్పులను చేత్తో అందుకునేవాడినని హజ్రత్ హసన్ బస్రీ (రహ్మలై) చెప్పారు. అంత తక్కువ ఎత్తు! రాత్రివేళ ఆ గదుల్లో దీపాలు కూడా ఉండేవి కావు. ప్రవక్త (స) రాత్రి నమాజు చేస్తుంటే ఆయన ముందు నేను పడుకొని ఉండేదాన్ననీ, ఆయన సజ్దా చేసేటప్పుడు నన్ను తాకితే కాళ్లు ముడుచుకునేదాన్ననీ, ఆ రోజుల్లో ఇళ్లలో దీపాలు ఉండేవి కావనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది.

అయితే అదే బుఖారీలో ఆమెదే మరో ఉల్లేఖనం ఉంది. ప్రవక్త (స) అస్ర్ నమాజు చేసే వేళకు సూర్యుని ఎండ ఇంకా నా హుజ్రాలోనే ఉండేదని ఆమె చెప్పారు. ధర్మవేత్తలు ఈ హదీసును అస్ర్ నమాజు వేళను నిర్ణయించే చర్చలో ప్రస్తావిస్తారు. మనం ఇందులో మరో విషయాన్ని కూడా గమనించాలి. రాత్రి దీపానికి నూనె లేని ఇల్లు అది, కానీ పగలు ఎండ వచ్చే ఇల్లు. ఒక విశ్వాసుల మాత ఆ ఎండ ఎంతవరకు వచ్చిందో, నీడ ఎక్కడిదాకా పాకిందో చూసి నమాజు వేళను గుర్తుపెట్టుకోగలిగారు. ఈ రోజు మన ఇళ్లలో నడిమి గదిలో కూర్చున్న తల్లికి గడియారం చూడకుండా జుహర్ ఏదో, అస్ర్ ఏదో తెలుస్తుందా?

మండువా పోయింది, చీకటి వచ్చింది

మన గోదావరి సీమలో పూర్వీకులు ఈ సమస్యకు చక్కని పరిష్కారం చేసుకున్నారు. అదే మండువా లోగిలి. నాలుగు వైపులా గదులు, వసారాలు, మధ్యలో ఆకాశానికి తెరచిన చోటు. పెంకుల కప్పు లోపలివైపుకు వాలి, వాన నీరు మధ్యలో పడి తూము గుండా బయటికి పోయేది. వెలుతురు పైనుంచి దిగి అన్ని గదులకూ అందేది. వీధిలో వెళ్లేవాడికి లోపలి స్త్రీలు కనబడరు, లోపలి స్త్రీలకు మాత్రం సూర్యుడూ చంద్రుడూ వానా అన్నీ కనబడతాయి. డమాస్కస్‌లోనూ, అందలూస్ లోని కుర్తుబాలోనూ ముస్లిములు కట్టుకున్న ఇళ్లు కూడా ఇటువంటివే. బయటకు మూసిన గోడ, లోపల తెరచిన ముంగిలి. కోనసీమ, భీమవరం ప్రాంతాల పాత ఊళ్లలో మండువా ఇళ్లు కొన్ని నేటికీ నిలిచి ఉన్నాయి.

ఆ తర్వాత ఏం జరిగింది? తండ్రి పోయాడు, అన్నదమ్ములు వాటాలు వేసుకున్నారు. మండువా మధ్యలో గోడ లేచింది. ఒకరు తన వాటా మీద శ్లాబు వేసి గది చేసుకున్నారు. అటు పక్క ఉన్న తమ్ముడి వాటాకు గాలీ వెలుతురూ రెండూ పోయాయి. అక్కచెల్లెళ్లకు వాటా ఇచ్చినచోట కూడా తరచుగా వెనుకనున్న చీకటి గదే వారికి అంటగట్టడం చూస్తున్నాం. సోదరులారా! వారసత్వ పంపకంలో గజాల కొలత సరిపోయినంత మాత్రాన న్యాయం జరిగినట్లు కాదు. వెలుతురున్న పది గజాలూ చీకటి పది గజాలూ సమానం ఎలా అవుతాయి?

పర్దా ఇంటిని చీకటి చేయమనలేదు

"మౌలానా గారూ, కిటికీ పెడితే పక్క డాబా మీదివారికి మా ఇంటి ఆడవాళ్లు కనబడతారు, పర్దా పోతుంది" అని కొందరు అంటుంటారు. ఈ జాగ్రత్త సరైనదే. హజ్రత్ సహల్ బిన్ సఅద్ (రజి) ఉల్లేఖనం ప్రకారం ఒక వ్యక్తి ప్రవక్త (స) గదిలోకి రంధ్రం గుండా తొంగిచూశాడు. అప్పుడు ప్రవక్త (స) చేతిలో తల దువ్వుకునే ఇనుప దువ్వెన ఉంది. నువ్వు చూస్తున్నావని నాకు తెలిసి ఉంటే దీనితో నీ కంట్లో పొడిచేవాడినని ఆయన హెచ్చరించారు. ఇంట్లోకి వచ్చేందుకు అనుమతి అడగాలన్న నియమం పెట్టింది చూపు కోసమేనని కూడా బోధించారు.

ఈ హదీసు నిషేధించింది పరాయి చూపును. సూర్యకిరణాన్ని నిషేధించిన హదీసు ఏదీ లేదు. ఈ రెంటినీ వేరు చేసి చూడలేక మనం కిటికీలు మూసేశాం. చూపు పక్కనుంచి వస్తుంది, వెలుతురు పైనుంచి కూడా వస్తుంది. కాబట్టి పక్కన తెరవలేని చోట పైన తెరవాలి. ఉర్దూలో దీన్నే రోషన్‌దాన్ అంటాం, అంటే వెలుతురు ఇచ్చే చోటు. గోడలో పైకప్పు దగ్గరగా పెట్టే చిన్న వెంటిలేటరుకూ ఇదే పేరు, కప్పులోనే పెట్టే గాజు పలకకూ ఇదే పేరు సరిపోతుంది.

మన ఫిఖహా పెద్దలు ఈ విషయాన్ని చాలా లోతుగా పరిశీలించారు. ఉస్మానియా ఖిలాఫత్‌లో 1869 నుంచి 1876 వరకు అహ్మద్ జౌదత్ పాషా నాయకత్వంలో హనఫీ ఫిఖహ్ ఆధారంగా మజల్లతుల్ అహ్‌కామ్ అనే న్యాయస్మృతిని కూర్చారు. దాని 1202వ నిబంధన ప్రకారం వంటగది, బావి గట్టు, ఇంటి ముంగిలి వంటి స్త్రీలు మసలే చోట్లు కనబడేలా కిటికీ పెట్టడం పొరుగువారికి ఘోరమైన నష్టం కలిగించడమే. అయితే ఆ కిటికీని మూసివేయమని బలవంతపెట్టకూడదు, గోడగానీ చెక్క తెరగానీ అడ్డుపెట్టి చూపును ఆపితే చాలు. కిటికీ మనిషి నిలువెత్తు కంటే పైన ఉంటే, నిచ్చెన వేసుకొని చూస్తాడేమో అన్న అనుమానంతో దాన్ని మూయించే హక్కు పొరుగువాడికి లేదని కూడా అందులో ఉంది. చూడండి, పర్దానూ కాపాడారు, వెలుతురునూ కాపాడారు.

పొరుగువాని వెలుతురు

అదే మజల్లాలో 1201వ నిబంధన మరో మెట్టు పైకి వెళ్తుంది. ఇంటికి దూరదృశ్యం పోవడం, ఎండ తగ్గడం వంటివి ఘోరనష్టం కావు గానీ, వెలుతురు పూర్తిగా పోవడం ఘోరనష్టమేనని అది చెబుతుంది. పొరుగువాడి గదికి ఒకే కిటికీ ఉండి, నీ కట్టడం వల్ల ఆ గదిలో రాసిన అక్షరం చదవలేనంత చీకటి అయితే ఆ నష్టాన్ని తొలగించాల్సిందే. తలుపు గుండా వెలుతురు వస్తుంది కదా అని వాదించడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే చలికో మరో అవసరానికో తలుపు మూసుకోవలసి వస్తుంది. కొలబద్ద ఏమిటో గమనించారా? రాసిన అక్షరం కనబడాలి! ఇఖ్రఅ అన్న మాటతో వహీ మొదలైన సమాజం పెట్టుకున్న కొలబద్ద అది.

మన దేశ చట్టంలోనూ ఇటువంటి హక్కు ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం మొదట్లో అమలైన ప్రాంతాల్లో మద్రాసు రాజధాని ఒకటి, అంటే అప్పటి గోదావరి జిల్లా కూడా అందులో భాగమే. ఒక ఇంటికి 20 సంవత్సరాల పాటు ఆటంకం లేకుండా, హక్కుగా వెలుతురు, గాలి వస్తుంటే అది ఆ ఇంటి హక్కుగా స్థిరపడుతుందని దాని 15వ సెక్షన్ చెబుతుంది. అయినా విశ్వాసి కోర్టు మెట్లు ఎక్కేవరకూ ఆగకూడదు. వారసత్వంలో పొరుగువాడికి కూడా వాటా ఇస్తారేమో అనిపించేంతగా జిబ్రీల్ (అ) పొరుగువాని గురించి తనకు తాకీదు చేస్తూ వచ్చారని ప్రవక్త (స) సెలవిచ్చారు. పై అంతస్తు లేపే ముందు పక్కింటి తలుపు తట్టి, మీ వంటగది చీకటి అవుతుందా అని ఒక్క మాట అడగండి. పక్కింటివారు ముస్లింలయినా, హిందువులయినా, క్రైస్తవులయినా పొరుగు హక్కు పొరుగు హక్కే.

కప్పును బట్టి ఏర్పాటు

ఇక చేయవలసిన పని విషయానికి వద్దాం. మన ప్రాంతపు ఇళ్లలో కప్పులు మూడు రకాలు.

పెంకుటిల్లయితే పని చాలా తేలిక. మంగుళూరు పెంకు ఆకారంలోనే గాజు పెంకులు దొరుకుతాయి. నడిమి గదిపైన రెండు, వంటగదిపైన రెండు మామూలు పెంకులు తీసి వాటి స్థానంలో గాజు పెంకులు పెడితే ఆ పూటకే చీకటి పోతుంది. ఏడాదికోసారి తుడవాలి, లేకపోతే నాచూ దుమ్మూ పట్టి వెలుతురు తగ్గిపోతుంది.

రేకుల ఇల్లయితే, అదే మడతలున్న పారదర్శక ఫైబరు రేకును ఒక వరుసలో వేయించండి. ఆస్‌బెస్టాస్ రేకును మాత్రం ఇంట్లో కోయవద్దు, రంధ్రాలు చేయవద్దు. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. రేకునే పూర్తిగా మార్చాలి. ఇనుప రేకుల షెడ్డుకు ఇంకా చౌకైన మార్గం ఉంది. 2002లో బ్రెజిల్ దేశపు మెకానిక్ అల్‌ఫ్రెడో మోజర్, ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పోసి కొద్దిగా బ్లీచింగ్ ద్రావణం కలిపి, కప్పులో సగం పైకి సగం కిందికి ఉండేలా బిగించాడు. ఎండ ఆ నీటిలో వంగి గది నలుమూలలకూ పరచుకుంటుంది. 40 నుంచి 60 వాట్ల బల్బుకు సమానమైన వెలుతురు! 2011 నుంచి ఫిలిప్పీన్స్‌లోని పేదల వాడల్లో ఇది విస్తృతంగా వ్యాపించింది.

డాబా ఇల్లయితే జాగ్రత్త అవసరం. కొత్తగా శ్లాబు వేసేవారు సెంట్రింగు దశలోనే చోటు వదిలి, దాని చుట్టూ అదనపు ఊచలు వేయించాలి. పాత శ్లాబును కోయించాలంటే ఇంజనీరును అడగనిదే కోయించవద్దు. దూలాన్ని తాకకూడదు. శ్లాబు మీద తొమ్మిది అంగుళాల అంచు గోడ కట్టి, గాజును వాలుగా పెడితే వాన నీరు లోపలికి రాదు. తుఫానులు వచ్చే ప్రాంతం మనది. పగిలినా ముక్కలు కింద పడని లామినేటెడ్ గాజునే వాడాలి, కింద ఇనుప గ్రిల్ ఉండాలి. పక్కన ఎత్తయిన మేడ ఉంటే గరుకు గాజు వేయించండి. వెలుతురు వస్తుంది, చూపు రాదు.

పెద్దది పెట్టాలన్న ఆశ వద్దు. రాజమండ్రి 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. మే రెండో వారంలోనూ, ఆగస్టు మొదటి వారంలోనూ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు మన నడినెత్తికి వస్తాడు. అందుకే పడుకోబెట్టిన పెద్ద గాజు వేసవిలో గదిని పొయ్యి చేస్తుంది. గది వైశాల్యంలో ఇరవయ్యో వంతు మించకుండా చూసుకోండి. పది అడుగులకు పన్నెండు అడుగుల గదికి ఆరు చదరపు అడుగులు గరిష్ఠం, నాలుగు చాలు. వీలయితే కప్పుపై చిన్న గూడులా లేపి, ఉత్తరం వైపు నిలువు గాజు, దాని పక్కనే దోమ వల వేసిన గాలి సందు పెట్టించండి. వేడి గాలి పైకి పోతుంది, చల్లని వెలుతురు కిందికి వస్తుంది.

ఒక మాట మరవకండి. సూర్యకాంతి క్షయ క్రిములను చంపుతుందని 1890లోనే రాబర్ట్ కోచ్ ప్రకటించాడు. కానీ ఎముకలకు బలమిచ్చే విటమిన్ డి తయారుకావాలంటే ఎండ నేరుగా చర్మానికి తగలాలి, అందుకు కావలసిన కిరణాలను గాజు ఆపేస్తుంది. కాబట్టి రోషన్‌దాన్ పెట్టించి చేతులు దులుపుకోకుండా, డాబాపై చూపు పడని పిట్టగోడ కట్టించి, ఇంటి స్త్రీలు కాసేపు ఎండలో కూర్చునే వీలు కల్పించండి.

రోషన్‌దాన్ ఏ మూల ఉండాలన్నది ఎండను, వానను, పొరుగువారిని బట్టి తేల్చుకోవాలి. కప్పుకు కన్నం పడితే ఇంటికి అరిష్టమనే మాటలు నమ్మవద్దు. శకునాలను ప్రవక్త (స) తోసిపుచ్చారు. అద్దె ఇంట్లో ఉండేవారు యజమాని అనుమతి, వక్ఫ్ ఇంట్లో ఉండేవారు ముతవల్లీ అనుమతి తీసుకోవాలి.

ఖర్చు గురించి

కట్టడాలపై పెట్టే ఖర్చుకు పుణ్యం లేదంటారు కదా అని కొందరు అడుగుతారు. హజ్రత్ ఖబ్బాబ్ (రజి) గోడ కట్టుకుంటూ, ఈ మట్టిలో పెట్టేది తప్ప ముస్లిం చేసే ప్రతి ఖర్చుకూ ప్రతిఫలం ఉందని అన్న మాట బుఖారీలో ఉంది. అవసరానికి మించిన కట్టడాల గురించే ఆ మాట అని ధర్మవేత్తలు వివరించారు. మరోవైపు, దైవమార్గంలో, బానిస విముక్తికి, పేదవానికి, భార్యాబిడ్డలకు ఖర్చుచేసే దీనార్లలో అన్నిటికంటే ఎక్కువ పుణ్యం భార్యాబిడ్డలకు పెట్టిన దీనారుదేనని సహీహ్ ముస్లింలోని హదీసు తెలుపుతుంది.

ఇప్పుడు మన లెక్కలు చూసుకుందాం. వీధివైపు గోడకు నగిషీలు, రంగుల పలకలు, పెద్ద ఇనుప గేటు. ఇవి దారిన పోయేవాని కోసం. వంటగదిపై నాలుగు అడుగుల గాజు అంటే మాత్రం, ఇప్పుడెందుకులే, వచ్చే ఏడాది చూద్దాం అంటాం. ఇస్రాఫ్ ఎక్కడుందో, హక్కు ఎక్కడుందో మీరే తేల్చండి. మీలో ఉత్తములు తమ ఇంటివారి పట్ల ఉత్తములుగా ఉండేవారేనని ప్రవక్త (స) ప్రబోధించారు. ఇంటి ముందు భాగాన్ని చూసి మెచ్చుకునే దారినపోయేవాడు రేపు హషర్ మైదానంలో మన గురించి సాక్ష్యం చెప్పడు, ఇంట్లోవారు చెబుతారు.

నియ్యత్ సరిచేసుకోండి

మౌలానా జలాలుద్దీన్ రూమీ (రహ్మలై) తన మస్నవీలో ఒక చిన్న కథ చెప్పారు. ఒక మురీదు కొత్త ఇల్లు కట్టుకున్నాడు. గురువుగారు చూడడానికి వచ్చి, ఈ కిటికీ ఎందుకు పెట్టావయ్యా అని అడిగారు. వెలుతురు కోసమండీ అన్నాడు శిష్యుడు. అజాన్ వినబడాలని పెట్టి ఉంటే బాగుండేది, వెలుతురు దానంతటదే వచ్చేది కదా అని గురువుగారు బోధించారు. కర్మలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయన్న హదీసుకు ఇంతకంటే చక్కని ఉదాహరణ ఉండదు. కిటికీ అదే, ఖర్చు అదే, నియ్యత్ మారితే అది ఇబాదత్ అవుతుంది.

రాజమండ్రి పెద్ద మసీదు శాసనం హిజ్రీ 724, అంటే 1324 నాటిది. ఏడు వందల ఏళ్ల కిందట మసీదు లేచిన నేల ఇది. ఆ అజాన్ మన ఇంటి నడిమి గదిదాకా వినబడాలి. మా అమ్మ కళ్లద్దాలతో ఖుర్ఆన్ చదువుకోవాలి, మా ఇల్లాలు పగలు లైటు లేకుండా వంట చేసుకోవాలి, మా అమ్మాయి చదువుకోవాలి అన్న సంకల్పంతో మేస్త్రిని పిలవండి. పని మొదలుపెట్టే ముందు ఒక సెలవురోజు మధ్యాహ్నం లైట్లన్నీ ఆపేసి, చేతిలో పుస్తకం పట్టుకొని ఇంట్లో ప్రతి గదిలోనూ కాసేపు కూర్చోండి. ఏ గదిలో అక్షరం కనబడదో ఆ గదిలో ఉండేవారి హక్కు మీపై మిగిలి ఉన్నట్లే.

దైవప్రవక్త (స) తన హృదయంలో, చూపులో, వినికిడిలో, కుడివైపున, ఎడమవైపున, తనపైన, తన కింద వెలుగును ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకునేవారు. మనమూ అదే వేడుకుందాం. అల్లాహ్ మన ఇళ్లను ఆయన స్మరణతో ప్రకాశింపజేయుగాక! మన తల్లులకు, భార్యలకు, బిడ్డలకు వారి హక్కులు చెల్లించే సౌభాగ్యాన్ని మనకు ప్రసాదించుగాక! రేపు సమాధి అనే చీకటి ఇంట్లోనూ మనకు వెలుగునిచ్చుగాక! ఆమీన్.